తల్లి మాట వ్రాసుకొనేదెవరు?

సంపాదకుల వారికి,

అయ్యా,

కొన్ని వారాలుగా ఈ శీర్షికలో 'క్షణం' చిత్రాన్ని గురించి పాఠకులు వ్రాస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. 2016 ఫిబ్రవరిలో విడుదలైన చిత్రం మీద ఇన్నాళ్ళకు ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చును. కారణం లేకపోలేదు. రవికాంత్ పేరేపు దర్శకత్వంలో అడివి శేష్ కథ వ్రాసి నటించిన ఈ చిత్రాన్ని 2017లో 'సత్య' పేర తమిళంలోను, 2018లో 'బాఘీ 2' పేర హిందీలోను, 2020లో 'ఆద్య' పేర కన్నడంలోను మళ్ళీ తీశారు. తరాల నుంచి పొరుగు రాష్ట్రాలలో కాపురముంటున్న మా బోటి తెలుగు కుటుంబాలలో పెద్దలు దీనిని తెలుగులో చూస్తే, పిల్లలు తమ బడి భాషలో చూచారు. ఒకే కథను ఒకే ఇంట్లో రెండు మూడు భాషల్లో చూచినప్పుడు అభిప్రాయాలు కూడా రెండు మూడు విధాలుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

చూడని వారి కొరకు కథ ఎత్తుగడ మాత్రం చెబుతాను, ముగింపు చెప్పను. ఉత్కంఠ కథకు ముగింపు చెప్పటం విస్తట్లో వడ్డించకముందే ఎంగిలి చేయటం వంటిది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న యువకునికి, ఒకప్పుడు తాను ప్రేమించిన స్త్రీ దగ్గర నుంచి ఫోను వస్తుంది. తన చిన్నబిడ్డను ఎవరో ఎత్తుకుపోయారని, తన మాట ఎవరూ వినటం లేదని ఆమె మొర. అతడు హైదరాబాదు వచ్చి విచారిస్తే, ఆమెకు అసలు బిడ్డే లేదని, తలకు తగిలిన దెబ్బ వల్ల ఆమె అట్లా ఊహించుకొంటున్నదని చెబుతారు. భర్త మాట అదే, పోలీసు వారి మాట అదే. బిడ్డ ఉన్నదా, లేదా? కథంతా ఈ ప్రశ్న మీద నడుస్తుంది.

ఇంతవరకు వచ్చిన లేఖలలో మూడు అభిప్రాయాలు నాకు కనబడినవి. ఇట్టి చిత్రాలు దొంగలకు కొత్త ఎత్తులు నేర్పుతాయన్నది మొదటిది. ఇవి తల్లులను అనవసరంగా బెదరగొడతాయన్నది రెండవది. ఇదంతా రెండు గంటల కాలక్షేపం, నిజ జీవితంలో ఇట్లా జరుగదన్నది మూడవది. మూడింటిలోను కొంత సత్యం ఉన్నది. కాని మూడూ అసలు విషయం ప్రక్క నుంచి పోతున్నవని నా మనవి.

మొదట నేరం నేర్పే సంగతి. జపాను దేశంలో 1963 మార్చిలో కురొసావా తీసిన ఒక చిత్రం విడుదలైంది. ఇంగ్లీషులో దాని పేరు 'హై అండ్ లో'. చెప్పుల కంపెనీలో పెద్ద ఉద్యోగి కొడుకని భ్రమపడి, అతని కారు డ్రైవరు కొడుకును దొంగలు ఎత్తుకుపోతారు. పరుల బిడ్డ కొరకు తన ఆస్తినంతా ధారపోయాలా వద్దా అన్నది ఆ పెద్దమనిషికి వచ్చిన ధర్మసంకటం. ఆ నెలాఖరునే టోక్యోలో నాలుగేళ్ళ పసివాడిని ఒకడు నిజంగానే ఎత్తుకుపోయి చంపాడు. ఆ చిత్రం ప్రకటన చూచి తనకు ఆలోచన తట్టిందని వాడు తరువాత చెప్పినట్లు వచ్చింది. కాబట్టి ఈ భయాన్ని నేను తీసిపారేయను. అయితే కథలోని రెండవ సగం కూడా చెప్పుకోవాలి. డబ్బు అడుగుతూ ఫోనులో మాట్లాడిన వాని గొంతును పోలీసులు రికార్డు చేశారు, దానిని రేడియోలో ప్రజలకు వినిపించారు. 1964లో జపాను ప్రభుత్వం డబ్బు కొరకు మనిషిని ఎత్తుకుపోయే నేరానికి శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా ఒక సెక్షను చేర్చింది. మన దేశంలో అట్టి సెక్షను, 364-ఎ, చేరింది 1993లో. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 140వ సెక్షనులో ఉన్నది. చిత్రాలు ఆపినంత మాత్రాన దొంగలు ఆగరు. వారిని ఆపవలసినవి చట్టము, దానిని అమలు జరిపే మనుషులు.

రెండవది భయం. భయపడటం తప్పు కాదు. పిల్లలు గల ఇంట్లో భయం గడియ వంటిది, ఉండవలసిందే. కాని ఆ భయం ఎక్కడికి పోతున్నదన్నదే ప్రశ్న. 2018లో మన పాఠకులు నివసించే రాష్ట్రాలలోనే జరిగిన రెండు ఘోరాలను మరువరాదు. జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లాలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళన్న పుకారు మీద అయిదుగురు మనుషులను గుంపు కొట్టి చంపింది. అదే నెలలో కర్ణాటకలోని బీదరు జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు ప్రాణం పోయింది. వాళ్ళెవరూ పిల్లల దొంగలు కారు. సెల్‌ఫోనులో వచ్చిన వార్తను ఎవరూ విచారించలేదు, ఏ ఠాణాలోను వ్రాయించలేదు. కాగితం మీదికి రాని భయం కర్ర పట్టుకొని వీధిలో పడింది.

మూడవది, ఇట్లా జరుగదన్న మాట. బిడ్డ పోయిందని తల్లి ఏడుస్తుంటే బిడ్డే లేదని లోకం అనటం కథకులకు కొత్త కాదు. 1965లో ఇంగ్లీషులో 'బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్' అన్న చిత్రం వచ్చింది. అందులోనూ లండనులో ఒక తల్లి కూతురు కనబడకుండా పోతుంది. ఆ పిల్లను చూచిన వారెవరూ లేరు, ఇంట్లో ఆ పిల్ల వస్తువులు కూడా మాయమైనవి. లారెన్స్ ఒలివియే వేసిన పోలీసు అధికారికి తల్లి మాట మీద సందేహం కలుగుతుంది. అయినా ఆయన విచారణ మానడు. సందేహం ఉన్నది కనుక వెదకను అనటం వేరు, సందేహం ఉన్నా వెదుకుతాను అనటం వేరు. ఉద్యోగధర్మం రెండవ దానిలో ఉన్నది.

నేను తాలూకా కచేరీలో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. చదివింది మెట్రిక్యులేషను వరకే. చిన్నతనంలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధర్ నవలలు పుస్తకాల అంగడిలో అద్దెకు తెచ్చుకొని దీపం క్రింద చదివినవాడిని. ఆ అలవాటు కొద్దీ ఈ కథలలో అందరూ చూచేది ఒకటి, నేను చూచేది మరొకటి. బిడ్డను ఎవరు ఎత్తుకుపోయారని అందరూ చూస్తారు. తల్లి చెప్పిన మాటను మొట్టమొదట వ్రాసుకోనిదెవరని నేను చూస్తాను. కచేరీలో పుట్టి పెరిగిన మాట ఒకటున్నది: కాగితం లేనిది కేసు లేదు. దీనిని మంచికీ వాడవచ్చు, చెడుకూ వాడవచ్చు. అర్జీ పుచ్చుకొని నంబరు వేసి రశీదు ఇస్తే ఆ అర్జీకి ప్రాణం వస్తుంది. తరువాత దానిని ఎవరైనా తొక్కిపెట్టినా జాడ మిగులుతుంది. నోటిమాట విని పంపివేస్తే ఆ మనిషి వచ్చినట్టే లేదు. 'క్షణం'లో తల్లికి జరిగిన అన్యాయం ఇదే.

ఇది సినిమాలోనే కాదు. కొన్నేళ్ళ క్రిందట మా వీధిలోని ఒక అవ్వ నాలుగున్నరేళ్ళ మనుమని వెంటబెట్టుకొని ఒక ఊరి జాతరకు పోయింది. గుంపులో పిల్లవాడు చేయి వదలి కనబడలేదు. ఆమె ఠాణాకు పరుగెత్తింది. ఆమెకు తెలుగు తప్ప రాదు, అక్కడ ఉన్నాయనకు తెలుగు అంతంత మాత్రం. ఇక్కడే ఎక్కడో ఉంటాడు, వెదుక్కొని రేపు ఉదయం రమ్మన్నారు. ఒక్క అక్షరం వ్రాసుకోలేదు. ఆనాటి సాయంత్రం బస్సు స్టాండులో పూలమ్మే ఆమె ఏడుస్తున్న పిల్లవాడిని చూచింది. ఆమె తెలుగు ఎరిగినదే కనుక వాడు అవ్వ అవ్వ అని ఎవరి కొరకు ఏడుస్తున్నాడో ఆమెకు అర్థమయింది. తన దగ్గర కూర్చోబెట్టుకొని, జాతరకు పోయివచ్చే వారందరికీ చెప్పి పంపింది. ఆ విధంగా పిల్లవాడు ఇల్లు చేరాడు. అది దైవకృప, ఆ పూలమ్మి మంచితనం. కాని ఆ నాలుగు గంటలలో వాడు ఏదైనా బస్సు ఎక్కి ఉంటే, వాడు తప్పిపోయినట్లు ప్రభుత్వం దగ్గర ఒక్క కాగితం కూడా ఉండేది కాదు గదా!

రేపు రమ్మనే అధికారం ఎవరికీ లేదన్నది మన పాఠకులు తెలిసికొనవలసిన ముఖ్య విషయం. పిల్లలు కనబడటం లేదని ఎవరు ఫిర్యాదు తెచ్చినా దానిని ఎఫ్.ఐ.ఆర్.గా వ్రాయవలసిందేనని, ఎత్తుకుపోయారనే భావించి దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆజ్ఞాపించింది. ఒకరోజు ఆగటమన్నది అందులో లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ ఠాణా సరిహద్దులో జరిగినా దగ్గరలోని ఠాణాలో ఫిర్యాదు చేయవచ్చును. నోటితో చెప్పినా వ్రాసుకోవాలి, వ్రాసినది చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. వ్రాసుకోమంటే, అదే సంగతి కాగితం మీద పెట్టి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చు. తపాలా రశీదు పదిలపరచుకోవటం మరువకండి. పిల్లల కొరకు 1098, అన్ని ఆపదలకు 112 ఫోను నంబర్లు ఉన్నవి. వాటికి డబ్బులు పడవు.

కాగితం బలమెంతో చెప్పటానికి ఒక్క పాత ఉదాహరణ. 1932లో అమెరికాలో విమాన వీరుడు లిండ్‌బర్గు ఇరవై నెలల బిడ్డను దొంగలు ఎత్తుకుపోయారు. యాభైవేల డాలర్లు చెల్లించారు. బిడ్డ మాత్రం దక్కలేదు, శవమై కనబడింది. కాని ఇచ్చిన నోట్ల నంబర్లను ముందే వ్రాసిపెట్టారు. రెండేళ్ళ తరువాత ఒక పెట్రోలు బంకులో పనివాడు తనకు వచ్చిన పది డాలర్ల నోటు మీద అనుమానంతో కారు నంబరు వ్రాసుకొన్నాడు. ఆ నోటు బ్యాంకుకు చేరింది, జాబితాతో సరిపోయింది, నేరస్థుడు దొరికాడు. నంబర్లు వ్రాసిన గుమాస్తాలను గాని, బంకు పనివాడిని గాని ఏ సినిమాలోను కథానాయకునిగా చూపరు. తుపాకి పట్టినవానికే ఈలలు వేస్తారు.

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకించి రెండు మాటలు. బళ్ళారి, బరంపురం, షోలాపురం, హోసూరు, యానాం, ఎక్కడున్నా సరే, పిల్లలకు మాటలు రాగానే తండ్రి పూర్తి పేరు, వీధి పేరు, ఒక ఫోను నంబరు తెలుగులోను, ఆ ఊరి భాషలోను నేర్పండి. ఇంట్లో తెలుగు, బయట వేరొక భాష గల పిల్లవాడు తప్పిపోతే, వాడు చెప్పేది వినేవారికి అర్థం కాకపోవచ్చు. మన పదవ తరగతి పుస్తకంలో రెండు పుట్టుమచ్చలు వ్రాసేవారు, జ్ఞాపకముందా? అట్లాగే ప్రతి బిడ్డకూ జనన ధ్రువపత్రం నకలు, ఆరు నెలలకొకసారి తీయించిన ఫోటో, పుట్టుమచ్చలు, ఎత్తు ఒక కవరులో పెట్టి ఉంచండి. ఇంట్లో కన్నడమో, ఒరియానో, మరాఠీయో రాని అవ్వలు ఉంటే, ఫిర్యాదు ఒకటి ఆ భాషలో ముందే వ్రాయించి అదే కవరులో పెట్టండి. పేరు, తేదీ, వేళ వేస్తే చాలు. ఈ కవరు ఎన్నడూ విప్పే అవసరం రాకూడదనే నా ప్రార్థన.

'క్షణం' వంటి చిత్రాలు చూడవద్దని నేను అనను. చూడండి, పిల్లలతో మాట్లాడండి. అయితే చిత్రం ముగిసిన తరువాత దొంగ ఎవరన్నది తేలిపోయిందని తృప్తిపడి లేవకండి. కథలో ఆ తల్లి కొరకు అమెరికా నుంచి ఒక మనిషి విమానమెక్కి వచ్చాడు. మన వీధిలోని తల్లి కొరకు ఎవరూ విమానమెక్కి రారు. ఆమె వెంట ఠాణా దాకా నడిచి, ఆ భాషలో నాలుగు మాటలు చెప్పి, నకలు చేతికి వచ్చేదాకా నిలబడే పొరుగువాడు ఒకడు ఉంటే చాలు. మన ఊళ్ళలోని తెలుగు సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం ఏర్పాటు చేసినట్లే, ఇట్టి పనికి వీధికిద్దరి పేర్లు వ్రాసిపెట్టుకొంటే బాగుంటుందని మనవి.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బళ్ళారి.