ఎంత ఎత్తు ఎక్కాలో పిల్లలే చెప్పాలి

ఐర్లండ్‌లో కిల్డేర్ అనే ప్రాంతంలో బారెట్స్‌టౌన్ అని ఒక పాత కోట ఉంది. క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులు వచ్చిన పిల్లలు, వాళ్ల తోబుట్టువులు, అమ్మానాన్నలు 1994 నుంచి అక్కడికి వచ్చి కొన్ని రోజులు గడిపి వెళ్తున్నారు. ఈ శిబిరాన్ని పెట్టింది హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్. అంతకుముందు 1988లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టాడు. రెండుచోట్లా కుటుంబాల దగ్గర పైసా తీసుకోరు.

అక్కడ పిల్లలు నిట్టనిలువు గోడలు ఎక్కుతారు, ఎత్తున కట్టిన తాళ్ల మీద నడుస్తారు, పడవ నడుపుతారు, బాణాలు వేస్తారు. ఈ మాట వినగానే ఏ తల్లికైనా గుండె జారుతుంది. కీమో చేయించుకున్న బిడ్డను గోడ ఎక్కించడమేమిటి? ఆ భయానికి కారణాలున్నాయి. విన్‌క్రిస్టిన్ అనే మందు నరాలను దెబ్బతీసి పాదాల్లో పట్టు తగ్గిస్తుంది. స్టెరాయిడ్లు ఎముకల బలం తగ్గిస్తాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే చిన్న దెబ్బకే రక్తం ఓ పట్టాన ఆగదు. మందులెక్కించే గొట్టం ఒంటికి బయట ఉన్న పిల్లలు చెరువులో దిగితే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అందుకే ఇలాంటి శిబిరాల్లో డాక్టర్లు, నర్సులు అక్కడే ఉంటారు. ఎవరు ఏం చేయొచ్చో ముందే చూస్తారు. కాళ్లలో బలం లేని పిల్లల కోసం నడుముకు పట్టీలు బిగించి తాడుతో పైకి లాగే ఏర్పాట్లు కూడా చేస్తారు.

అసలు సంగతి గోడ ముందు నిలబడ్డాక మొదలవుతుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు నడుస్తుంది. అన్నాళ్లూ సూది ఎప్పుడు, ఏం తినాలి, బడికి వెళ్లాలా వద్దా, అన్నీ పెద్దవాళ్లే చెప్తారు. తప్పదు కూడా. "వద్దమ్మా" అని ఏడ్చినా సూది ఆగదు. శిబిరంలో మాత్రం "ఎంతవరకు ఎక్కుతావు?" అని ఆ పిల్లనే అడుగుతారు. మూడడుగులే అంటే మూడడుగులే. ఎక్కనంటే బలవంతం లేదు, కింద నిలబడి చప్పట్లు కొట్టినా చాలు. దీన్ని అక్కడివాళ్లు 'ఛాలెంజ్ బై ఛాయిస్' అంటారు. నా దృష్టిలో గోడ కంటే ఈ ప్రశ్నే గొప్పది. చాలాకాలం తర్వాత ఆ పిల్ల తన ఒంటి గురించి తానే ఒక మాట చెప్పింది, అది చెల్లింది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త ఇలాంటి ధైర్యం ఎక్కడ పుడుతుందో 1977లో వివరించాడు. నేను చేయగలను అనే నమ్మకం మనిషికి అన్నిటికంటే గట్టిగా కలిగేది, తాను స్వయంగా చేసినప్పుడే. పక్కవాళ్ల ప్రోత్సాహం అంత లోతుకు దిగదు. "ధైర్యంగా ఉండమ్మా" అని వందసార్లు చెప్పినా రానిది, నాలుగో మెట్టు మీద కాలు నిలబడ్డప్పుడు వస్తుంది. బారెట్స్‌టౌన్‌లో దాన్ని అంతటితో వదిలేయరు. ఆ రోజు ఏది కష్టమనిపించింది, ఎలా చేశావు అని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

ఇంట్లోవాళ్లందరినీ పిలవడంలోనూ అర్థముంది. కంటికి రెప్పలా కాచుకుని కాచుకుని, బిడ్డ పరుగెత్తగలదన్న సంగతే తల్లిదండ్రులు మరిచిపోతారు. అమ్మానాన్నలు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అమ్మమ్మ ఇంట్లో గడిపిన తమ్ముడికి, అక్కతో మళ్లీ పోట్లాడుకునే వీలు దొరుకుతుంది.

అయితే ధైర్యం జబ్బును నయం చేయదు. అది చికిత్స చేసే పని. జబ్బు తిరగబెట్టిందంటే ఆ బిడ్డ ధైర్యం చాలక కాదు, ఆ మాట ఎవరూ అనకూడదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే, ఈసారి చూపించడానికి వెళ్లినప్పుడు ఏం చేయకూడదో అడిగినట్టే ఏం చేయొచ్చో కూడా డాక్టరుగారిని అడగండి. సైకిలు తొక్కొచ్చా, గుట్ట ఎక్కొచ్చా, పొలం గట్టు మీద నడవొచ్చా అని. ఆయన సరేనంటే, ఎంతదూరమన్నది పిల్లల్నే చెప్పనివ్వండి.