మీకు తెలుసా? రక్త పరీక్షలో తప్పు మెషీన్ దాకా రాకముందే జరగొచ్చు!

● రిపోర్టు తేడాగా వస్తే అందరూ ముందు అనుమానించేది మెషీన్‌నే. తప్పుల్లో ఎక్కువ భాగం మాత్రం శాంపిల్ ఆ మెషీన్‌లోకి వెళ్లకముందే జరిగిపోతాయి. ఇటలీలోని పాడువా నగరంలో ఒక ఆసుపత్రి ల్యాబ్ ఈ సంగతిని లెక్క కట్టి చూసింది. మారియో ప్లెబానీ, పావ్లో కరారో 1997లో ఆ లెక్కలు ప్రచురించారు. 40,490 పరీక్షల్లో 189 తప్పులు తేలాయి. వాటిలో 68.2 శాతం పరీక్షకు ముందు దశలోవే: రక్తం తీయడం, పేరు రాయడం, ల్యాబ్‌కు చేర్చడం లాంటివి. మెషీన్ మీద పరీక్ష నడుస్తున్నప్పుడు దొర్లినవి 13.3 శాతమే. మిగతా 18.5 శాతం ఫలితం వచ్చాక జరిగినవి. పదేళ్లకు అదే ల్యాబ్‌లో మళ్లీ లెక్కిస్తే మొత్తం మీద తప్పులు తగ్గాయి, కానీ ముందు దశ వాటా 61.9 శాతం ఉండనే ఉంది. కోట్లు పోసి కొత్త మెషీన్ తెచ్చే ఆసుపత్రులు రక్తం తీసేవాళ్ల శిక్షణకు అందులో కొంతయినా ఖర్చు పెట్టాలని అనేది ఇందుకే.

● ట్యూబుల మూతలకు రంగులు అందం కోసం పెట్టలేదు. ఒక్కో రంగు ట్యూబులో ఒక్కో రసాయనం ఉంటుంది. కాబట్టి ఏది ముందు నింపాలి, ఏది తర్వాత నింపాలి అన్న వరుస ఉంది. రక్తంలో సూక్ష్మజీవుల కోసం చూసే కల్చర్ సీసా మొదట, ఆ తర్వాత లేత నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిద రంగు. ఈ వరుస తప్పితే ఏమవుతుంది? ఊదా మూత ట్యూబులో పొటాషియం ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చూడటం దాని పని. ఆ ట్యూబులోంచి కొద్దిగా రక్తం ఎరుపు మూత ట్యూబులోకి చేరిందంటే చాలు, రిపోర్టులో పొటాషియం అమాంతం పెరిగిపోతుంది. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి కాల్షియం పడిపోతుంది. పొటాషియం బాగా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ... రెండూ ఒకే రిపోర్టులో కనిపిస్తే అనుభవమున్న టెక్నీషియన్ డాక్టరుకు పంపడు. రక్తం తీసినవాళ్లకు ఫోన్ చేసి, ఏ ట్యూబు ముందు నింపారని అడుగుతాడు. ఆ ఒక్క ఫోను లేకపోతే, గుండె కొట్టుకోవడంలో ఏ తేడా లేని మనిషికి పొటాషియం తగ్గించే చికిత్స మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

● రక్తం తీసేటప్పుడు పిడికిలి పదే పదే బిగించి వదిలినా పొటాషియం పెరిగినట్టు కనిపిస్తుంది. చేతికి రబ్బరు పట్టీ కట్టి ఉండగా కండరాలు పనిచేస్తే వాటిలోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. దీనివల్ల ఒక రోగికి లేని జబ్బు ఉన్నట్టు తేలిన వైనం 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పట్టీని నిమిషానికి మించి ఉంచకూడదన్న నియమం కూడా ఇలాంటి కారణాలతోనే వచ్చింది.

● సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయకూడదు. గ్లూకోజు బాటిల్ పెట్టిన చేతి నుంచి తీస్తే షుగరు ఆకాశాన్నంటుతుంది, మిగతావన్నీ పలచబడి కనిపిస్తాయి.

● తీసిన రక్తం ట్యూబులో ఊరికే ఉండదు. అందులోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో షుగరు గంటకు 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. అంటే పరగడుపున 126 ఉన్న మనిషి శాంపిల్‌లోంచి కణాలను వేరు చేయకుండా రెండు గంటలు పక్కన పెడితే 112 దగ్గరకు రావచ్చు. 126 అంటే మధుమేహమని చెప్పే హద్దు. 112 వస్తే 'ఇంకా రాలేదు, జాగ్రత్తగా ఉండండి' అని పంపేస్తారు. బూడిద రంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ ఈ నష్టాన్ని ఆపుతుంది గానీ, పూర్తిగా పట్టు బిగించడానికి దానికీ గంటా రెండు గంటలు పడుతుంది. చిన్న ఊళ్లలో రక్తం తీసి దూరంలోని పెద్ద ల్యాబ్‌కు పంపే పద్ధతి పెరిగిన ఈ రోజుల్లో, శాంపిల్ ఎప్పుడు తీశారు, ల్యాబ్‌కు ఎప్పుడు చేరింది అన్న రెండు సమయాలూ ప్రతి ట్యూబుకూ రాసి తీరాలి.

● డెంగీ కాలంలో ఇల్లంతా ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూనే తిరుగుతుంది. అయితే సుమారు వెయ్యి మందిలో ఒకరికి, ఊదా ట్యూబులోని ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి. మెషీన్ ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించలేదు, లెక్క తక్కువ చెబుతుంది. ఒంట్లో ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నా రిపోర్టులో ముప్పై వేలని రావచ్చు. రక్తం తీశాక ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి కలపకపోయినా, చిన్న గడ్డలు కట్టి ఇదే ఫలితం వస్తుంది. మంచి ల్యాబ్ ఇలాంటి తక్కువ సంఖ్యను ఉన్నపళంగా నమ్మదు. ఒక చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తుంది. గుంపులు కనిపిస్తే లేత నీలం ట్యూబులో మళ్లీ తీయమంటుంది. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు 'స్లైడ్ చూశారా?' అని అడగడం ఇంటివాళ్ల హక్కు.

● జుట్టు కోసం, గోళ్ల కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయి. థైరాయిడ్ జబ్బు లేనివాళ్లకు ఉన్నట్టు చూపించగలవు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో ఫలితాన్ని తక్కువ చేసి చూపడం అంతకన్నా ప్రమాదం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో దీని మీద హెచ్చరిక జారీ చేసింది. వేసుకునేది విటమినే కదా అని డాక్టరుకు చెప్పకుండా ఉండొద్దు.

● రోజూ ఉదయం రోగుల శాంపిళ్లకు ముందు, జవాబు తెలిసిన శాంపిల్ ఒకటి మెషీన్‌లో పెడతారు. దాన్ని కంట్రోల్ అంటారు. వచ్చిన విలువను గ్రాఫు మీద చుక్కగా పెట్టి చూస్తారు. ఈ గ్రాఫు పుట్టింది ఆసుపత్రిలో కాదు, ఫ్యాక్టరీలో. టెలిఫోన్ పరికరాల నాణ్యత కోసం వాల్టర్ షూహార్ట్ 1924లో గీసిన పటాన్ని, 1950లో లీవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ల్యాబ్ పనికి మలిచారు. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్ దానికి నియమాలు కూర్చారు. ఉదాహరణకు, వరుసగా పది చుక్కలు సగటు గీతకు ఒకే పక్కన పడితే, అన్నీ హద్దులోనే ఉన్నా సరే, మెషీన్ మెల్లగా పక్కకు జరుగుతోందని అర్థం. ఏ ఒక్క చుక్కా తప్పు కాకపోయినా తప్పును ముందే పసిగట్టే ఈ ఉపాయం నాకు ల్యాబ్ శాస్త్రంలోకెల్లా గొప్పదిగా తోస్తుంది. కంట్రోల్ తప్పినప్పుడు, సరైన విలువ వచ్చేదాకా దాన్నే మళ్లీ మళ్లీ పెట్టడం దీనికి పూర్తిగా విరుద్ధం. కారణం వెతకాలి.

● సొంత కంట్రోల్ ఒక్కటే చాలదు. 1947లో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు అమెరికాలో ఒకే శాంపిల్‌ను చాలా ఆసుపత్రులకు పంపి చూస్తే, ఆమోదించదగ్గ ఫలితాల కన్నా ఆమోదించలేనివే ఎక్కువ వచ్చాయి. పక్క ల్యాబులతో పోల్చుకునే పద్ధతి అక్కడి నుంచి ఊపందుకుంది. మనవాళ్లు వైద్యానికి వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా దేశంలోని ల్యాబులకు ఇలాంటి శాంపిళ్లు పంపి ఫలితాలు పోల్చి చూపిస్తుంది.

● భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా ల్యాబ్ చరిత్రలో ఉంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో నడిచింది.

● రిపోర్టులో ఒక విలువ నల్లగా, ముద్దగా కనిపించగానే కంగారు పడక్కర్లేదు. నార్మల్ హద్దును ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. మిగిలిన ఐదు శాతం ఆరోగ్యవంతులే అయినా హద్దు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్కటి హద్దు దాటే అవకాశం 64 శాతం. 'ఫుల్ బాడీ' ప్యాకేజీలు కొనేముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

● ప్రాణం మీదికి తెచ్చే విలువ వస్తే రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగకూడదు, వెంటనే ఫోన్ చేయాలి అన్న ఆలోచనను 1972లో జార్జ్ లండ్‌బర్గ్ అనే అమెరికన్ పాథాలజిస్టు ముందుకు తెచ్చారు. ఫోన్ ఎత్తినవాళ్లు ఆ అంకెను తిరిగి చదివి వినిపించాలి. ఇంగ్లీషులో చెప్పే ఫిఫ్టీన్, ఫిఫ్టీ లాంటివి ఫోన్‌లో ఎంత తేలిగ్గా తారుమారవుతాయో నర్సులకు బాగా తెలుసు.

● ఒకే పేరు మీద ఇద్దరు రోగులుంటే? మన దగ్గర ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులు, ముగ్గురు లక్ష్ములు ఉండటం వింతేమీ కాదు. అందుకే 'మీరు లక్ష్మిగారేనా?' అని అడగకూడదు. నీరసంలో ఉన్నవాళ్లు, చెవి సరిగా వినపడనివాళ్లు దేనికైనా ఊఁ అంటారు. 'మీ పూర్తి పేరు చెప్పండమ్మా, పుట్టిన తేదీ చెప్పండి' అని అడగాలి. లేబుల్‌ను మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే అంటించాలి. ఖాళీ ట్యూబులకు ముందే పేర్లు రాసి ట్రేలో పెట్టుకోవడం ప్రమాదకరం. రక్తం ఎక్కించాల్సి వస్తే, కొత్త రోగికి వేరే సమయంలో రెండో శాంపిల్ తీసి గ్రూపు సరిచూసే ఆసుపత్రులున్నాయి. ఒక మనిషి రక్తం ఇంకొకరి పేరు మీద వెళ్లిందంటే, ల్యాబ్ ఎంత కచ్చితంగా పరీక్షించినా ఫలితం తప్పే.

● తప్పు జరిగిందని రాసినవాణ్ని తిట్టే ల్యాబ్‌లో తప్పుల రిజిస్టరు ఖాళీగా ఉంటుంది. తప్పులు లేవని కాదు, రాయడానికి భయమని అర్థం. ఎన్ని శాంపిళ్లు గడ్డకట్టాయి, ఎన్నింటిలో ఎర్రకణాలు పగిలాయి, ఎన్ని లేబుళ్లు తారుమారయ్యాయి అని ప్రతి నెలా లెక్క తీసి, ఏ వార్డు నుంచి ఎక్కువ వస్తున్నాయో చూసి, ఆ వార్డువాళ్లకు మళ్లీ నేర్పిన చోటే ఆ సంఖ్య తగ్గుతుంది.

● ల్యాబులకు నాణ్యత గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేసే ప్రతి పరీక్షకూ ఆ గుర్తింపు ఉండకపోవచ్చు. ఏయే పరీక్షలకు ఉందో జాబితా ఉంటుంది, అడిగి చూడండి. రక్తం ఇచ్చేటప్పుడు పూర్తి పేరు మీ నోటితో చెప్పండి. ట్యూబు మీద ఆ పేరు మీ ఎదుటే అంటించారో లేదో చూడండి. వాడే మందులు, విటమిన్లు చెప్పండి. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా రిపోర్టు మాత్రం భయపెడితే, మందు మొదలుపెట్టే ముందు మరోసారి పరీక్ష చేయించాలా అని డాక్టరును అడగండి.