సముద్రం ఉంది, సభాస్థలి ఏదీ?

ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మైదానం మామూలు రోజుల్లో కుర్రాళ్ల ఆటస్థలం. 2023 మార్చి 3, 4 తేదీల్లో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ జరిగింది అక్కడే. 2025 నవంబరు 14, 15 తేదీల్లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) భాగస్వామ్య సదస్సు జరిగిందీ అక్కడే. మధ్యలో ప్రభుత్వం మారింది, మైదానం మాత్రం మారలేదు. దేశదేశాల పారిశ్రామికవేత్తలను, మంత్రులను ఒక్కచోట కూర్చోబెట్టాలంటే విశాఖపట్నానికి ఇప్పటికీ ఆ మైదానమే దిక్కు.

ఆ నేలను సదస్సుకు సిద్ధం చేయడం చిన్న పని కాదు. ముందు చదును చేస్తారు. అల్యూమినియం చట్రాలు లారీల్లో దిగుతాయి. వాటిని వరసగా నిలబెట్టి, మందపాటి తెల్లటి షీటు పైనుంచి లాగి బిగిస్తే జర్మన్ హ్యాంగర్లు తయారు. లోపల ప్లైవుడ్ పరిచి, దాని మీద తివాచీ వేస్తారు. బయట ఏసీ యంత్రాలు, జనరేటర్లు, మొబైల్ టాయిలెట్లు, వంటల షెడ్లు. ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు, పూలు కట్టేవాళ్లు రాత్రింబవళ్లు పనిచేస్తారు. అతిథులు విమానం ఎక్కగానే అదంతా విప్పి మళ్లీ లారీలకెక్కిస్తారు. ప్రతి పెళ్లికీ కొత్తగా పందిరి వేసుకున్నట్టే. ఇన్నిసార్లు ఇంత ఖర్చుపెట్టాక కూడా ఊరికంటూ ఒక గోడ మిగలలేదు.

విశాఖకు అతిథులు కొత్త కాదు. 1976లో, మళ్లీ 2008లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఇక్కడే జరిగింది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలకు తెలుగు రచయితలు ఈ ఊరికే తరలివచ్చారు. అక్కడ విద్యార్థులు రచయితలకు విసిరిన సవాలు ఆ ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టుకకు దారితీసింది. పెట్టుబడుల ఒప్పందాలు జరిగితేనే పెద్ద సభ అనుకునేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నాలుగు ఊళ్ల మనుషులు ఒకచోట చేరి రెండు రోజులు వాదించుకుంటే ఏం జరుగుతుందో విశాఖకు తెలిసినంతగా ఇంకే తెలుగు ఊరికీ తెలియదు.

అన్నిటికంటే పెద్ద ఆతిథ్యం మాత్రం తూర్పు నౌకాదళానిది. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం నౌకాదళ సమీక్షకు వచ్చి, ఇక్కడే జలాంతర్గామిలో సముద్రం లోపలికి వెళ్లారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. సుమారు 50 దేశాల నౌకాదళాలు వచ్చాయి. తూర్పు తీరంలో అలాంటి అంతర్జాతీయ సమీక్ష జరగడం అదే మొదలు. 1995లో పోర్ట్‌బ్లెయిర్‌లో మొదలైన మిలన్ నౌకాదళ విన్యాసాలు 2022లో, 2024లో ఇక్కడికి వచ్చాయి. ఆ రోజుల్లో ఆర్కే బీచ్ రోడ్డు మీద రకరకాల యూనిఫాంలలో పరదేశీ నావికులు కవాతు చేస్తుంటే, గాజువాక నుంచీ పెందుర్తి నుంచీ జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చి చూశారు. ఇన్ని దేశాల వాళ్లకు బస, భోజనం, రవాణా, భద్రత చూసుకోగలిగిన ఊరికి అనుభవం లేదని ఎవరూ అనలేరు.

మరి ఏం లోటు? సదస్సుల వ్యాపారం నడిచే తీరు తెలిస్తే జవాబు దొరుకుతుంది. అంతర్జాతీయ సంఘాలు తమ మహాసభ ఎక్కడ జరపాలో మూడు నాలుగేళ్ల ముందే తేల్చుకుంటాయి. పోటీపడే ఊళ్లు బిడ్ వేస్తాయి. వేదిక ఏది, ఎంతమంది పడతారు, ఒకేసారి ఎన్ని చిన్న హాళ్లలో సమావేశాలు నడపొచ్చు, నడిచి వెళ్లేంత దూరంలో ఎన్ని హోటల్ గదులున్నాయి అని అడుగుతారు. ‘అప్పటికి హ్యాంగర్లు వేస్తాం’ అనే జవాబు అక్కడ చెల్లదు. ప్రభుత్వం తలచుకుని జరిపే సదస్సులకు ఆ పద్ధతి సరిపోతుంది. సంఘాలు తమంతట తాము ఎంచుకుని రావాలంటే కట్టిన హాలు కళ్లెదుట కనిపించాలి.

హైదరాబాద్ దీన్ని ముందే గ్రహించింది. హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ (హెచ్‌ఐసీసీ) 2006లో వచ్చింది. గణితశాస్త్రజ్ఞుల ప్రపంచ మహాసభ 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో జరపాలని నిర్ణయమైందీ 2006లోనే. భారతదేశంలో ఆ మహాసభ జరగడం అదే మొదటిసారి, ఫీల్డ్స్ పతకాలు అక్కడే ఇచ్చారు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక దేశాల 11వ సమావేశమూ ఆ ప్రాంగణానికే వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంగా కట్టుకున్న ఆ హాలు 2014 తర్వాత తెలంగాణ వైపు ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ వైపు దానికి సాటివచ్చేది కట్టుకోలేదు. విశాఖ హార్బర్ పార్కు దగ్గర కన్వెన్షన్ సెంటర్‌కు 2018లో పునాదిరాయి వేశారు. 2019లో ప్రభుత్వం మారాక దాని భూకేటాయింపు రద్దయింది. ఎవరి వాదన వారికి ఉండొచ్చు. ఊరు మాత్రం ఆ ఏళ్లు పోగొట్టుకుంది.

హాలు లేకపోయినా వచ్చినవాళ్లు ఉన్నారు. 2023 మార్చిలో జీ20 మౌలిక వసతుల బృందం, అదే ఏడాది నవంబరులో నీటిపారుదల ఇంజినీర్ల 25వ ప్రపంచ మహాసభ రుషికొండ హోటల్‌లో జరిగాయి. గోదావరి మీద ధవళేశ్వరం, కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఉన్న రాష్ట్రానికి నీటి ఇంజినీర్లు రావడం ఎంతో సబబు. విశాఖ వెతుక్కోవలసింది ఇలాంటి సభలనే: సముద్రం, ఓడరేవులు, చేపలు, మందులు, ఉక్కు, తుపానులు. ఈ విషయాల మీద మాట్లాడటానికి ఇంతకంటే తగిన ఊరు దేశంలో అరుదు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇక్కడే ఉన్నాయి. అతిథులను పిలిచే మనుషులు అక్కడే ఉన్నారు.

తుపాను ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతానికి నమ్మదగిన నెలలు కావు. షీటు కప్పిన హ్యాంగర్లలో ఆ నెలల్లో సదస్సు పెట్టడం ప్రతిసారీ దేవుడి మీద భారం వేయడమే. డిసెంబరు చివర నుంచి మార్చి మొదటి వారం దాకా ఉన్న చల్లని కాలాన్ని పెద్ద సభలకు అట్టేపెట్టుకోవాలి.

విమానాల సంగతీ ఉంది. ఇప్పటి విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద ఆధారపడి నడుస్తుంది, వాళ్ల అవసరాలు తీరాకే మన విమానాలు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన విమానాశ్రయం ఆ ఇబ్బంది తీరుస్తుంది. కానీ అది ఊరికి 45 కిలోమీటర్ల దూరం. కన్వెన్షన్ సెంటర్ రుషికొండకూ భీమిలికీ మధ్య వస్తే దూరం సగం తగ్గుతుంది, జగదాంబ, సిరిపురం జంక్షన్ల మీద ఒత్తిడీ ఉండదు.

సభ ముగిశాక అతిథి మరో రెండు రోజులు ఉండిపోతేనే ఊరి చిన్న వ్యాపారికి లాభం. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు దాటుకుంటూ అరకు వెళ్లే రైలుంది. భీమిలి దారిలో తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామముంది. 1970ల్లో నౌకాదళం విమాన సర్వేలో అది బయటపడింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టేలా రంగు అద్దే కళాకారులున్నారు. చెట్ల నుంచి తీసిన రంగులవి, పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. డెలిగేట్ల సంచీలో చౌక ప్లాస్టిక్ కీచైన్లకు బదులు అక్కడి బొమ్మా, మాడుగుల హల్వా, అరకు కాఫీ పొట్లం పెడితే ఆ ఖర్చు ఈ ప్రాంతంలోనే ఉంటుంది. అతిథులొస్తున్నారంటే బీచ్ రోడ్డు మీది తోపుడు బండ్లను ముందు తీసేసే అలవాటు కూడా మానాలి. సాయంత్రం ఇసుకలో నిలబడి తినే ముంత మసాలా లేకపోతే అది విశాఖ కాదు.

హాలు కట్టాల్సింది ప్రభుత్వం. పిలవాల్సింది మాత్రం ఊళ్లోని డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇంజినీర్లు. మీ సంఘం వచ్చే మహాసభ ఎక్కడ పెట్టాలని ఢిల్లీలోనో ముంబయిలోనో చర్చ వచ్చినప్పుడు, లేచి నిలబడి విశాఖ పేరు చెప్పండి.