వీడియో కాన్ఫరెన్స్ సర్వర్: నాడి చూడటం ఎలా?

వీడియో కాన్ఫరెన్స్ ద్వారా పాఠాలు వినడం మీలో చాలామందికి అనుభవమే. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం మన దేశంలో ఇలాంటి తరగతులకు ఊతమిచ్చింది. తెర మీద అధ్యాపకుడు, విద్యార్థులు కనిపిస్తారు. వారిని కలిపే సర్వర్ మాత్రం కనిపించదు. ఒక కేంద్రంలో పరికరం చెడితే ఆ కేంద్రానికే నష్టం. సర్వర్ చెడితే అన్ని కేంద్రాలకూ పాఠం ఆగుతుంది.

కొన్నేళ్ల క్రితం నేను పాఠం చెబుతుండగా తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. మేమంతా నెట్‌వర్క్‌నే అనుమానించి లైన్లు పరీక్షిస్తూ గంట గడిపాం. మరునాడు పరీక్ష ఉన్న పిల్లలు సందేహాలు తీరకుండానే ఇళ్లకు వెళ్లారు. తీరా చూస్తే, సర్వర్‌లో ఒక ఫ్యాను మూడు రోజుల ముందే ఆగిపోయింది. ఆ సంగతి యంత్రం తన లాగ్‌లో నమోదు చేసింది. చదివినవారే లేరు!

ఫ్యానుకూ పాఠానికీ సంబంధమేమిటి? దృశ్యాలను కలిపి పంపడానికి ప్రాసెసర్ ఎడతెగకుండా లెక్కలు చేస్తుంది. అది వాడుకున్న విద్యుత్తు వేడిగా మారుతుంది. ఆ వేడి బయటకు పోకపోతే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. వేడి ఇంకా పెరిగితే, కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

ఈ స్థితిని కనిపెట్టడానికి చాలా సర్వర్ల మదర్‌బోర్డు మీద ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, సర్వర్ ఆపేసి ఉన్నా అది మేలుకునే ఉంటుంది. దానితో మాట్లాడటానికి 1998లో ఐపీఎంఐ, 2015లో రెడ్‌ఫిష్ అనే ప్రమాణాలు వచ్చాయి.

మీరు చూడవలసినవి ఇవి. ఫ్యాను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోంది? లోపలికి వచ్చే గాలి, ప్రాసెసర్‌ల ఉష్ణోగ్రతలెంత? రెండూ పెరిగితే గదిలోని ఏసీని చూడండి. ప్రాసెసర్ ఒక్కటే వేడెక్కితే ఫ్యానునో, దుమ్మునో అనుమానించండి. 12 వోల్టుల లైను సాధారణంగా 11.4, 12.6 మధ్య ఉండాలి.

ఇక రెండు పవర్ సప్లైలు, జంట డిస్కులు. వీటిలో ఒకటి పోయినా రెండోది భారం మోస్తుంది. పాఠం ఆగదు కనుక ఎవరూ గమనించరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పంక్చరైన టైరును బాగుచేయించకుండా, స్టెప్నీ మీదే ఊళ్లు తిరగడం లాంటిదిది.

లోపం కనబడగానే హెచ్చరిక పంపేలా సర్వర్‌ను అమర్చవచ్చు. అయితే ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ అనే సాధారణ హెచ్చరిక, ఉత్తరం డబ్బాలో వేసినట్లే. అందిందో లేదో పంపినవారికి తెలియదు. అందువల్ల మన వైపు నుంచి కూడా నిర్ణీత వ్యవధిలో సర్వర్‌ను అడిగి చూడాలి. ఈ కంట్రోలర్‌ను మాత్రం బహిరంగ ఇంటర్నెట్‌కు కలపకండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తప్పక మార్చండి.

తరగతికి ముందు హాజరు తీసుకుంటాం కదా? అలాగే అరగంట ముందు ఫ్యాన్లకు, డిస్కులకు, పవర్ సప్లైలకు కూడా హాజరు వేయండి.

ఆలోచించండి: బొమ్మ ఆగి ఆగి వస్తోంది, కానీ నెట్‌వర్క్ బాగానే ఉంది. మీరు మొదట ఏ అంకెలు చూస్తారు? ఎందుకు?