ఇంకొక డాక్టరును అడగవచ్చునా?

అరవై దాటిన పెద్దాయన రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తుంటే, "వయసు మీదపడింది" అని మన ఇండ్లలో ఊరకుంటారు. చాలాసార్లు అది మూత్రాశయం క్రింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి మామూలుగా పెరగడమే. పరీక్ష చేస్తే కొందరిలో క్యాన్సర్ బయటపడుతుంది. కోడుమూరు నుండి కర్నూలు పెద్దాస్పత్రికి పోయి ఆ మాట విన్నవారు, "ఆపరేషన్ ఎప్పుడు? ఎంతవుతుంది?" అని అడుగుతారు. అంతకుముందు అడగవలసినది ఒకటున్నది: "మా నాయనకు ఈ వైద్యమొక్కటేనా?"

ఈ ప్రశ్నకు కారణమున్నది. బ్రిటనులో 1999 నుండి 2009 వరకు, జబ్బు గ్రంథి దాటని 1,643 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, మూడవవారికి పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండడం. 2023లో ఫలితం వెలువడింది. సుమారు 15 ఏండ్లలో ఈ క్యాన్సర్ వలన చనిపోయినవారు మొత్తం 45 మందే. మూడు గుంపులలోను దాదాపు సమానం. అయితే కనిపెట్టి ఉన్నవారిలో జబ్బు ప్రాకడం ఎక్కువ. ఆపరేషన్ అయినవారిలో మూత్రం కారే బాధ ఎక్కువ. ఏది మేలో రోగి వయసును, ఇతర జబ్బులను, క్యాన్సర్ స్వభావాన్ని బట్టి ఉంటుంది.

సర్జనుకు ఆపరేషన్, రేడియేషన్ డాక్టరుకు రేడియేషన్ ముందుగా తోచడం సహజం. గనుక ఇద్దరినీ కలవడం మంచిది. గ్రంథి లోపలనే రేడియేషన్ ఉంచే బ్రాకీథెరపీలో న్యూయార్కులో పేరు పొందిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు మన కర్నూలు వైద్య కళాశాలలో చదివినవారే. ఆ పద్ధతి అందరికీ సరిపడదు. సరిపడుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

రెండవ డాక్టరు వద్దకు వట్టి చేతులతో పోకండి. పి.ఎస్.ఏ. రక్తపరీక్ష కాగితాలు తేదీల వారీగా, స్కాన్ ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు తీసుకొనిపోండి. ఆ ముక్క ఉంచిన గాజు పలకలు, మైనపు దిమ్మెలు కూడా ల్యాబులో అడిగి తీసుకోండి. రిపోర్టులో గ్లీసన్ మార్కు ఉంటుంది. 6 అయితే సాధారణంగా నెమ్మదైన జబ్బు. 8 నుండి 10 అయితే ఉధృతమైనది. వేరొక నిపుణుడు ఆ పలకలు చూసినపుడు ఈ మార్కు మారవచ్చు. దానితో వైద్యమూ మారవచ్చు.

వృషణాలు తీసివేసే ఆపరేషన్ చేయాలన్నపుడు, "దీనికి బదులు ఇంజెక్షన్లు ఉన్నవా? ఖర్చెంత?" అని అడగండి. జబ్బు ఎముకలకు ప్రాకినపుడు ఆ ఆపరేషన్ సరైన వైద్యమే, ఖర్చూ తక్కువ. కాని తీసినది మరల రాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం క్రింద ఏది వస్తుందో ఆస్పత్రిలో విచారించిన తరువాతనే చేను అమ్మే మాట తలపెట్టండి.

ఒక హెచ్చరిక. కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం పూర్తిగా బిగిసినా రెండవ సలహా కొరకు ఆగరాదు; ఆ గంటనే ఆస్పత్రికి పోవాలి. అట్టి గుర్తులు లేక, జబ్బు గ్రంథిలోనే ఉన్నవారికి కొన్ని వారాల వ్యవధి సాధారణంగా ఉంటుంది. ఎంత వ్యవధి ఉన్నదో మొదటి డాక్టరునే అడగండి.

"ఇంకొకరికి చూపిస్తే డాక్టరుగారు నొచ్చుకుంటారేమో" అని మనవారు జంకుతారు. "అయ్యా, నిర్ణయించుకొనే ముందు ఇంకొకరి సలహా తీసుకొంటాము, కాగితాలు ఇప్పించండి" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు కాదనరు. ఎద్దును కొనేటప్పుడు నలుగురికి చూపించే మనము, నాయన ఒంటి సంగతిలో ఇద్దరిని అడగడం తప్పు కాదు.