గొంతు నమ్మి సొమ్ము పంపకుడు

వేసవి ముంగిట ఎనుమాముల మార్కెట్ యార్డునకు మిరప బస్తాలు రాశులుగా వచ్చును. ఏడాది కష్టము తక్‌పట్టీగా మారి రైతు చేతికందు దినములివి. రైతు సోదరులు ధరను గూర్చియే గాక, చేతికందిన సొమ్మును కాపాడుకొనుటను గూర్చియు ఆలోచింపవలెను.

నేడు కృత్రిమ మేధ అను కంప్యూటరు విద్య మనిషి గొంతును, ముఖమును అనుకరింపగలుగుచున్నది. మీవాడు ఫోనులో పెట్టిన వీడియో నుండి కొద్దిపాటి మాట దొరికిన చాలును. అదే గొంతుతో క్రొత్త మాటలు పలికింపవచ్చును. ఫొటోలోని ముఖమును కదిలించి వీడియో కాలులో చూపవచ్చును. దీనినే డీప్‌ఫేక్ అందురు.

2023 జూలైలో కేరళలోని కోజికోడ్‌లో ఒక రిటైరైన ఉద్యోగికి, పూర్వము తనతో పనిచేసిన ఆంధ్రప్రదేశ్ మిత్రుని పేర వాట్సాప్ కాలు వచ్చెను. కొన్ని క్షణములు మిత్రుని ముఖమే కనబడెను. బంధువుకు ఆపరేషను అనగా ఆయన 40,000 రూపాయలు పంపెను. వెంటనే మరి 35,000 అడుగగా అనుమానించి, తన వద్దనున్న నంబరుకు ఫోను చేసెను. మిత్రుడు తానేమియు అడుగలేదనెను. ఆ ఫోను మొదటనే చేసియున్న మోసమే జరుగకుండెడిది.

నకిలీ విత్తనమును కంటితో గుర్తింపజాలము. కావున లైసెన్సు గల దుకాణమున రసీదు తీసుకొని కొందుము. ఫోను విషయమునను అంతే. గొంతును గాక, అది వచ్చిన దారిని పరీక్షింపవలెను.

పాటింపవలసిన జాగ్రత్తలు:

1. కొడుకు, అల్లుడు, అడ్తిదారు, బ్యాంకు అధికారి, పోలీసు – ఎవరి పేర సొమ్ము అడిగినను కాలు పెట్టివేయుడు. మీ వద్ద ముందునుండి ఉన్న నంబరుకు మీరే ఫోను చేయుడు.

2. ఇంటిల్లిపాది ఒక గుర్తుమాట పెట్టుకొనుడు. దానిని ఎదురుగా చెప్పుకొనవలెనే గాని ఫోనులో పంపరాదు.

3. “వెంటనే పంపు, ఎవరికిని చెప్పకు” అనినచో మోసమని శంకింపుడు.

4. ఓటీపీ, యూపీఐ పిన్ ఎవరికిని చెప్పకుడు. సొమ్ము మనకు వచ్చుటకు పిన్ అవసరము లేదు.

5. మోసపోయినచో తడవు చేయక 1930 నంబరుకు ఫోను చేయుడు; మీ బ్యాంకుకు తెలుపుడు. సొమ్ము చేతులు మారకమున్నే తెలిపిన, దానిని ఖాతాలోనే నిలుపుటకు వీలుండును.

మోసపోవుట సిగ్గుపడవలసిన పని కాదు. దాచిపెట్టిననే నష్టము. ఈ సంగతి ఇంటిలోని పెద్దలకు నేడే చెప్పుడు.