వెయ్యి రూపాయల ప్రెషర్ సెన్సర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

0–300 పీఎస్‌ఐ రేంజి ఉన్న మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరుకుతోంది. ఇంజిన్ డయాగ్నస్టిక్స్ కోసమే చేసిన ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ కావాలంటే ఖర్చు పదివేలల్లోకి వెళ్తుంది. చిన్న షెడ్డు నడుపుకునే మెకానిక్ చౌకదాని వైపు చూడడంలో తప్పేమీ లేదు. బండికి తగిలించే ముందు దాన్ని పరీక్షించాలి, అంతే. అందుకు ఎయిర్ కంప్రెసర్, ఒక మంచి గేజ్, చేత్తో కొట్టే వ్యాక్యూమ్ పంపు, మల్టీమీటర్, ఆసిలోస్కోప్ చాలు.

దీని పని ఏమిటంటే, ప్లగ్ తీసిన రంధ్రంలో కంప్రెషన్ హోస్ బిగించి, దాని చివర సెన్సర్ పెట్టి, సిగ్నల్‌ను స్కోప్ మీద చూస్తాం. మామూలు కంప్రెషన్ గేజ్ ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది. ఇక్కడ క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలూ గీతగా కనిపిస్తాయి. పిస్టన్ పైకొచ్చినప్పుడు నిలువుగా లేచే శిఖరం, అది దిగాక ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నచోట మలుపు, ఆ తర్వాత గాలి పీల్చేటప్పటి వ్యాక్యూమ్. టైమింగ్ చైన్ ఒక పన్ను జారిందేమో కవర్ విప్పకుండానే అంచనాకు రావొచ్చు. మంచి పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొడితే శిఖరం 150–180 పీఎస్‌ఐ దాకా వెళ్తుంది. ఐడిల్‌లో, ఆ సిలిండర్‌కు మంట లేకుండా చేస్తే, 60–90 దగ్గర ఉంటుంది. వ్యాక్యూమ్ సుమారు మైనస్ 10.

మొదటి పరీక్ష నిలకడ పీడనంతో. ఈ రకం సెన్సర్ 5 వోల్టుల సప్లై మీద పనిచేస్తూ, సున్నా పీడనం దగ్గర 0.5, 300 పీఎస్‌ఐ దగ్గర 4.5 వోల్టులు ఇస్తుంది. ఒక్కో పీఎస్‌ఐకి 13.3 మిల్లీవోల్టులు. కంప్రెసర్ గాలితో 30, 60, 90 పీఎస్‌ఐ ఇచ్చి చూస్తే 0.9, 1.3, 1.7 వోల్టులు రావాలి. పీడనం పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఇంకోసారి రాసుకోండి. రెండూ కలవకపోతే ఆ సెన్సర్‌ను పక్కన పెట్టేయొచ్చు.

తేడా వస్తే ముందు సప్లై వోల్టేజి చూడండి. ఔట్‌పుట్ సప్లైకి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, ఫోన్ చార్జర్ నుంచి 5కు బదులు 4.8 వోల్టులే వస్తే 150 పీఎస్‌ఐ దగ్గర 2.5 రావాల్సింది 2.4 వస్తుంది. మన లెక్కలో అది 142.5 పీఎస్‌ఐ. ఇంజిన్ బాగానే ఉన్నా ఏడున్నర పీఎస్‌ఐ పోయినట్టు కనిపిస్తుంది.

అమ్మేవాళ్లు రాసే '1 శాతం ఖచ్చితత్వం' పూర్తి రేంజికి వర్తించేది. 300లో 1 శాతం అంటే 3 పీఎస్‌ఐ. 180 పీఎస్‌ఐ శిఖరం మీద 3 తేడా పట్టించుకోనక్కర్లేదు. మైనస్ 10 వ్యాక్యూమ్ మీద అదే 3 అంటే 30 శాతం. పైగా కొన్ని సెన్సర్లు 0.5 వోల్టుల కిందికి దిగనే దిగవు. వ్యాక్యూమ్ పంపుతో మైనస్ 10 దాకా లాగి చూడండి. 0.37 వోల్టులు రావాలి. 0.5 దగ్గరే ఆగిపోతే గీతలోని వ్యాక్యూమ్ భాగం మీద ఏ తీర్పూ చెప్పకూడదు.

సున్నాలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని సెన్సర్లను సముద్రమట్టపు పీడనం దగ్గర సీలు చేస్తారు. అలాంటిది విశాఖలో 0.5 వోల్టులు చూపితే, సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో దాదాపు 12 మిల్లీవోల్టులు తక్కువ చూపుతుంది. అది లోపం కాదు.

నా దృష్టిలో అసలు పరీక్ష వేగానిది. చాలామంది దాన్నే వదిలేస్తారు. 800 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి 0.21 మిల్లీసెకను పడుతుంది. సెన్సర్ 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా స్పందిస్తే గీత 9.6 డిగ్రీలు వెనక్కి జరుగుతుంది. 2,400 దగ్గర అది దాదాపు 29 డిగ్రీలు. క్రాంకు స్ప్రాకెట్‌కు 18 పళ్లుంటే చైన్ ఒక పన్ను జారడం 20 డిగ్రీలతో సమానం. అంటే సెన్సర్ మందకొడితనం చైన్ జారినట్టు కనిపించే ప్రమాదం ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు, 250 ఆర్‌పీఎం దగ్గర, అదే ఆలస్యం 3 డిగ్రీలే.

దీన్ని తేల్చడానికి స్కోప్ రెండో చానెల్‌లో క్రాంకు సెన్సర్ సిగ్నల్ పెట్టి, టాప్ డెడ్ సెంటర్ ఎక్కడో గుర్తించండి. మంట లేని సిలిండర్‌లో పీడన శిఖరం దానికి ఒక డిగ్రీ అటూఇటూగా రావాలి. 800 దగ్గర 6 డిగ్రీలు, 2,400 దగ్గర 18 డిగ్రీలు ఆలస్యమైతే రెండుచోట్లా అది 1.25 మిల్లీసెకన్లే. సమయంలో మారకుండా ఉండే ఆలస్యం సెన్సర్‌ది, హోస్‌ది. 30 సెంటీమీటర్ల హోస్‌లో పీడన తరంగం ప్రయాణానికే దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. చైన్ జారితే మాత్రం వాల్వు మలుపు ఏ వేగంలోనైనా దాదాపు అన్నే డిగ్రీలు తప్పి ఉంటుంది.

హోస్ మరో పనీ చేస్తుంది. స్విఫ్ట్ పాత నాలుగు సిలిండర్ల 1,197 సీసీ ఇంజిన్‌లో సిలిండర్‌కు సుమారు 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 11 అనుకుంటే పైన మిగిలే చోటు 30 సీసీ. 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న 30 సెంటీమీటర్ల హోస్ దానికి 8.5 సీసీ కలుపుతుంది, నిష్పత్తి 8.8కి పడిపోతుంది. లెక్క ప్రకారం శిఖరం దాదాపు నాలుగో వంతు తగ్గాలి. కంప్రెషన్ గేజ్ హోస్‌కు ప్లగ్ వైపు చిన్న వాల్వు ఉండేది ఇందుకే. ట్రాన్స్‌డ్యూసర్‌కు ఆ వాల్వు తీసేయాలి కాబట్టి, వచ్చిన అంకెను సర్వీస్ మాన్యువల్‌తో కాక, అదే హోస్‌తో మిగతా సిలిండర్లకు వచ్చిన అంకెలతో పోల్చండి.

ఈ పరీక్షలు దాటిన చౌక సెన్సర్‌తో సెల్ఫ్ కొట్టి చూసే పరీక్షలు, ఐడిల్‌లో వాల్వు టైమింగ్ నిశ్చింతగా చేసుకోవచ్చు. ఎక్కువ ఆర్‌పీఎంలోనూ, సన్నటి వ్యాక్యూమ్ తేడాలకూ దాన్ని నమ్మొద్దు. పరీక్షించే సిలిండర్ కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. మంట వేడికి తట్టుకునేలా వీటిని చేయరు. డీజిల్ బండికైతే ఈ 300 పీఎస్‌ఐ సెన్సర్ అసలు పెట్టకండి. అక్కడ సెల్ఫ్ కొట్టినప్పుడే పీడనం 400 దాటొచ్చు.